దుబాయి టైము చూపిన కెమెరా

పోయిన వారం మనం పరశురాములును బోథ్‌లో, తన ఇంటి వాకిట్లో, ప్లాస్టిక్ కుర్చీ మీద రాయిలా కూర్చున్నవాడిని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. మనకు వారమైంది గానీ, ఆ కుర్చీకి ఒక్క పూటే గడిచింది.

యాభై నాలుగేళ్ల పరశురాములుకు బోథ్ బస్టాండు పక్కన విత్తనాల దుకాణం ఉంది. ఐదు నెలల కిందట దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన బామ్మర్ది బాలమల్లు ఒక డిజిటల్ కెమెరా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. ఆనాటి నుంచి బావకు పత్తి విత్తనాలు కనబడటం మానేశాయి. ప్రతి ఆదివారం నిర్మల్ పోయి, కొయ్యబొమ్మల దుకాణం మీది గదిలో సృజన మేడం దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాడు. తోడు చిన్ననాటి దోస్తు జబ్బార్. కాలిపోయిన మోటర్లకు రాగితీగ చుట్టే పని అతనిది. చేతిలో ఉన్నది సెకండ్‌హ్యాండ్ కెమెరా, అయినా మేడం మెచ్చుకునేది ఎప్పుడూ అతన్నే. పరశురాములుకు అప్పటికే కడుపులో ఒక పొయ్యి అంటుకుని ఉంది.

నిర్మల్‌లో పెట్టే ఫోటోల ప్రదర్శనకు ఆ క్లాసు నుంచి ఒక్క ఫోటో పోతుంది. తలుపంత పెద్దది చేసి, కింద తీసినవాళ్ల పేరు రాసి గోడకు తగిలిస్తారు. ఇచ్చిన విషయం ‘మధ్యాహ్నం’. ఆ గోడ మీది పేరు తనదేనని పరశురాములు ఊరంతా చెప్పేశాడు. జనాన్ని తీసుకుపోవడానికి పత్తి కూలీలను తోలే జీపు కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. నిన్న శనివారం, పాత ఫోటోలు తిరగేస్తుంటే తాను తీయని ఫోటో ఒకటి కనబడింది.

అతని భార్య జమున. గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. చాటలోంచి లేచిన పొట్టు ఆమె చుట్టూ ఎండలో బంగారు రజనులా నిలబడి ఉంది. ఆమె నవ్వుతోంది. తల వెనక్కి వేసి, కళ్లు మూసుకుని, పక్కపన్ను సైతం కనబడేలా నవ్వుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ నవ్వు అతను చూడలేదు. ఫోటో కింద టైము ఉంది: అవతలి మంగళవారం, పగలు పదకొండూ యాభై. ఆ వేళకు అతను దుకాణంలో ఉన్నాడు. పక్కింటి కమలవ్వను చుట్టూ తిప్పి అడిగితే ఆమె ఏ తిప్పుడూ లేకుండా చెప్పింది: “గా మంగళారమా? పదకొండున్నర బస్సు పోయినంక జబ్బార్ వచ్చిండు బిడ్డా. మోటరు బాగు జేసి పోయిండు.”

అదీ సంగతి. ఇక ఆదివారంలోకి పోదాం.

*

ఆదిలాబాదు జిల్లా చలి సంగతి తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. పుష్యమాసంలో బోథ్‌లో ఒకడు ఇంకొకడిని తిడితే, ఆ తిట్టు గాలిలో గడ్డకట్టి, ఎండెక్కాక కరిగి అవతలివాడి చెవిన పడుతుందంటారు. అంత చలిలోనూ ఆ ఉదయం పరశురాములుకు స్వెటరు అక్కర్లేదు. లోపల మండుతున్న దానితో నలుగురికి అన్నం వండవచ్చు.

ప్రతి ఆదివారం జబ్బార్ బండి మీద ఇద్దరూ కలిసి పోతారు. ఈసారి పరశురాములు గంట ముందే ఇల్లు దాటి బస్సెక్కాడు. మహబూబ్ ఘాట్ మూలమలుపుల దగ్గర బస్సు ముక్కుతూ దిగుతుంటే, వెనక నుంచి జబ్బార్ బండి వచ్చి దాటిపోయింది. దాటుతూ కిటికీలోని దోస్తును గుర్తుపట్టి నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఆ నవ్వు చూసి పరశురాములు కిటికీ అద్దం దబ్బున మూశాడు. అద్దం మీద కూడా ఆ నవ్వే కనబడింది.

క్లాసులో మేడం ఏం చెప్పిందో అతని చెవికి ఎక్కలేదు. పన్నెండింటికి ఛాయ్ కోసం వదిలారు. మెట్ల మీద జబ్బార్ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

“ఏంరా, బస్సుల వచ్చినవ్? మీ ఇంటి ముంగట హారన్ గొట్టి గొట్టి బొటనవేలు నొచ్చింది. వదినె బయటికొచ్చి, పోయిండని చెప్పింది.”

వదినె అన్న మాట చెవిలో మిరపపొడి పోసినట్టయింది.

“గీ నడుమ మా ఇంటికి మస్తు వస్తున్నవ్ నువ్వు.”

“గీ నడుమ మీ మోటరు మస్తు కాలుతున్నది.”

“అవతలి మంగళారం వచ్చినవా?”

“వచ్చిన.”

“ఎంతసేపున్నవ్?”

“ఏందిరా, ఠాణాల కూసుండబెట్టి అడిగినట్టు అడుగుతున్నవ్? ఛాయ్ తాగినంత సేపు.”

“తాగినంక?”

“ఇంకో ఛాయ్ తాగిన. వదినె అల్లం దంచి పోసింది. క్యా బాత్ హై!”

పరశురాములు గ్లాసు కింద పెట్టేశాడు. ఇంట్లో తనకు పోసే ఛాయ్‌లో అల్లం ఉంటుందో ఉండదో అతను ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం, ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కనాడూ ఉండలేదని ఒట్టేసి చెప్పగలడు.

కెమెరా తీసి, ఆ ఫోటో తెరిచి, జబ్బార్ ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టాడు. “గిది ఎవడు తీసిండు?”

జబ్బార్ అద్దాలు నుదుటి మీదికి జరుపుకుని చూశాడు. చూసి, దోస్తు మొహంలో ఏముందో గమనించకుండా అరిచాడు. “యా అల్లా! ఏం తీసినవ్‌రా పర్శిగా! గా పొట్టు చూడు, ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చు!”

“నేను తియ్యలే.”

“గంతేనా. నేనూ పరేషాన్ అయిన, ఒక్కనాడే గింత ఎట్ల నేర్చుకున్నడని.”

“నువ్వు తీసినవ్!”

మెట్ల మీద ఛాయ్ తాగుతున్న మిగతావాళ్లు తిరిగి చూశారు. పరశురాములు గొంతు తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. “పదకొండు యాభైకి దిగిన ఫోటో గిది. నేను దుకాణంల ఉన్న. కెమెరా ఇంట్ల ఉంది. నువ్వు ఇంట్ల ఉన్నవ్. నా పెండ్లాం గట్ల నవ్వుతుంది. జెప్పు, ఏం జెప్పి నవ్విచ్చినవ్?”

జబ్బార్ మొహంలోంచి నవ్వు దిగిపోయింది. అతను ఛాయ్ గ్లాసును మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. అది చూసి పరశురాములు గెలిచాననుకున్నాడు. ఆ గెలుపు పచ్చి వేపకాయలా ఉంది.

“నీకూ నాకూ దోస్తానా ఎన్నేండ్లురా?” అన్నాడు జబ్బార్.

“గది నువ్వు యాదుంచుకోవాలె.”

“నీ చెల్లె పెండ్లికి పందిట్ల లైట్లు ఎవడు కట్టిండు? మీ బాపు దవాఖానల ఉంటే పదిరోజులు మంచం పక్కన ఎవడు కూసున్నడు? ఇయ్యాల గీ మాట అడుగుతవ్.” అని, చెయ్యి చాపాడు. “ఇటు దే కెమెరా.”

“ఎందుకు?”

“కొట్టను లే. దే.”

కాలిన మోటరును చూసినంత శ్రద్ధగా జబ్బార్ ఆ ఫోటోను చూశాడు. వేలితో కాదు, అగ్గిపుల్లతో చూపించాడు. తెర మీద మరకపడితే అతనికి గిట్టదు.

“మేడం మొదటి వారం ఏం జెప్పింది? ముందుగాల మనిషిని చూడకు, వెలుగు ఎటుకెళ్లి వస్తుందో చూడు అన్నది. నువ్వు నవ్వు ఒక్కటే చూసినవ్. మీ తలుపు ఏ దిక్కుకున్నది?”

“పడమటి దిక్కు.”

“పొద్దు వాలకముందు నీ గడప మీద ఎండ పడతదా?”

పరశురాములు పుట్టిన ఇల్లది. పన్నెండు దాటేవరకు ఆ గడప నీడలోనే ఉంటుందని అతని అరికాళ్లకు కూడా తెలుసు.

“చాట మీద ఎండ ఎట్ల మెరుస్తుందో చూడు. పదకొండు యాభైకి గంత ఎండ గాడికి నడిచి రాదు. ఇప్పుడు టైమెంత?”

లోపల గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. జబ్బార్ అక్కడికక్కడే ఛాయ్ గ్లాసును ఒక ఫోటో తీసి, దాని టైము చూపించాడు. పదిన్నర దాటి పది నిమిషాలు.

“గంటన్నర ఎన్కకున్నది,” అన్నాడు జబ్బార్. “గంటన్నర ఎన్క ఉండే దేశమేందో ఎర్కనా? మీ బామ్మర్ది ఉండే దేశం. ఐదు నెల్లాయె కెమెరా బోథ్‌కు వచ్చి, దాని లోపటి గడియారం ఇంకా దుబాయిలనే నౌకరీ చేస్తున్నది!”

పరశురాములుకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. జబ్బార్‌కు కూడా అదే గుర్తొచ్చింది.

నెల కిందట క్లాసులో పరశురాములు సూర్యోదయం ఫోటో చూపించాడు. టైము ఐదుంబావు. చలికాలంలో ఐదుంబావుకే సూర్యుడు ఎట్లా వచ్చాడని మేడం అడిగితే, ఛాతీ విరుచుకుని చెప్పాడు: “మాది ఎత్తు మీది ఊరు మేడం. నిర్మల్‌కు ఘాటు అడ్డముంటది. సూర్యుడు ముందుగాల మాకు కనవడి, మా ఊర్ల ఛాయ్ తాగినంక మీ దిక్కు బయలెల్లుతడు.” క్లాసులో ఇద్దరు ఆ మాట రాసుకున్నారు కూడా.

“గా సూర్యుడు దుబాయి సూర్యుడన్నట్టు,” అన్నాడు జబ్బార్. “సరే, గంటన్నర కలుపు. ఎంతయింది?”

“ఒకటీ ఇరవై.”

“ఒకటీ ఇరవైకి నేను జుహర్ నమాజుల ఉన్న. అనుమానముంటే ఇమాం సాబ్‌ను అడుగు. గప్పుడు మీ ఇంట్ల ఉండే మొగోడు ఎవడు?”

ఒంటిగంటకు దుకాణానికి తాళం వేసి, ఇంటికి పోయి, తిని, కంచం కడిగేలోపే గురకపెట్టే మొగవాడు ఎవడో పరశురాములుకు బాగా తెలుసు.

“మరి... తీసింది ఎవడు?”

“ఎవడూ తియ్యలే. వదినెనే దిగింది. గా మంగళారం ఛాయ్ పోసుకుంట అడిగింది, తీసేటోడు లేకుంట ఫోటో ఎట్ల దిగాలెనని. టైమర్ చూపిచ్చిన. బటన్ ఒత్తితే పది సెకండ్లకు దానంతటదే దిగుతదని చెప్పిన. గదే నా తప్పు. ఉరి పెట్టు.”

“జబ్బారూ...”

“మాట్లాడకు. ఛాయ్ చల్లారింది.”

*

అనుమానం పోయిన మనిషికి తేలిగ్గా ఉండాలి. పరశురాములుకు నిజంగానే తేలిగ్గా ఉంది. ఎంతసేపంటే, మెట్లెక్కి గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చునేంత సేపు. కూర్చున్నాక ఇంకో మంట మొదలైంది. మొదటిది వరిగడ్డి మంట, భగ్గున లేచి ఆరింది. ఇది ఊకపొయ్యి. పొగ లేకుండా అడుగు నుంచి కాలుతుంది.

కెమెరా తనది. కార్డు తనది. ఐదు నెలల ఆదివారాలు తనవి. మధ్యాహ్నం ఫోటో కోసం తాను అంతయ్య తాతను పత్తిచేనులో తువ్వాల భుజాన వేయించి రెండు గంటలు నిలబెట్టాడు. కాలు మార్చుకుంటానంటే వద్దన్నాడు. ఆఖరికి ఆ ముసలాయన నిలబడే కునుకు తీశాడు. అంత చేసి తీసిన ఫోటో, బాగుంది. అంతే. బాగుంది. జమున రెండు గ్లాసుల అల్లం ఛాయ్ పోసి, ఒక్క బటన్ నేర్చుకుని, జొన్నలు చెరుగుతూ...

అతను ఆ ఆలోచన పూర్తి చేసేలోపు తలుపు దగ్గర కమలవ్వ గొంతు వినబడింది. “ఇదేనా బిడ్డా బడి? మెట్లు ఎక్కలేక పాణం పోయింది.”

ఆమె వెనకే జమున. పెట్టెలోంచి తీసిన నీలం చీర కట్టుకుంది. భర్తను చూసింది, చూడనట్టు వెనక బెంచీ మీద కూర్చుంది.

“రండి జమునక్కా, మీకోసమే ఆగినం,” అంది సృజన మేడం. పరశురాములు కుర్చీలో సగం లేచి మళ్లీ కూలబడ్డాడు.

మేడం కిటికీలు మూయించి, ప్రొజెక్టర్ వేసింది. “పోయిన ఆదివారం అందరి కార్డులు కాపీ చేసుకున్న గదా. పరశురాములు సార్ కార్డుల ఒక ఫోటో చూసి సార్‌దే అనుకున్న. పెద్దగ చేసి చూసేసరికి సార్ తీసింది కాదని తెలిసిపోయింది. ఇంటికి ఫోన్ చేస్తే అక్క ఎత్తింది.”

“నేను తీసింది కాదని ఎట్ల తెల్సింది మేడం?” అన్నాడు పరశురాములు. గొంతులో పౌరుషం దాచుకోలేకపోయాడు.

“చూడండి సార్.”

గోడ మీద జమున నవ్వింది. ఆరడుగుల నవ్వు. పొట్టు రవ్వలు గోడంతా పరుచుకున్నాయి. గదిలో పదకొండు మందీ ఒక్కసారి ఊపిరి పీల్చారు. జబ్బార్ అయితే నిలబడ్డాడు.

“ఇప్పుడు ఎనక చీకటి చూడండి,” అని మేడం కంప్యూటర్‌లో ఏదో జరిపింది. జమున వెనక నల్లగా ఉన్న గది మెల్లమెల్లగా తెల్లబడింది. చీకట్లోంచి ముందు మంచం కోడు బయటికి వచ్చింది. తర్వాత ఒక పాదం. తర్వాత పొట్ట మీదికి ఎగిరిపోయిన బనీను. ఆ తర్వాత ఒక మీసం, మీసం కింద ఒక నోరు. ఆ నోరు ఎంతగా తెరుచుకుని ఉందంటే, బావిలోకి తొంగిచూసినట్టు గోడ లోపలికి పోయినట్టుంది.

“అయ్యో,” అంది కమలవ్వ వెనక నుంచి, “గాయన మన పర్శురాములే గాదు?”

ఇక ఆ గదిలో లేచిన నవ్వుకు కింది దుకాణంలో కొయ్యబొమ్మలు అరల మీద కదిలాయంటే అబద్ధమే గానీ, చాలా పెద్ద అబద్ధం కాదు.

“నిద్రపోతున్న మనిషి తన ఫోటో తను తీసుకోలేడు గదా సార్,” అంది మేడం నవ్వు ఆపుకుంటూ. తర్వాత నిజంగానే ఆపేసింది. “మనం మధ్యాహ్నం ఎక్కడున్నదని చేన్లు పట్టుకుని తిరిగినం. ఈమె గడప మీద కూసుని చూపిచ్చింది. పని చేసే మనిషి వెలుగుల, పడుకున్న మనిషి నీడల. ఫ్లాష్ వేసి ఉంటే మొత్తం పాడైపోతుండె. అక్కా, ఫ్లాష్ వద్దని ఎట్ల తెలిసింది మీకు?”

జమున కొంగు వేలికి చుట్టుకుంది. “ఫ్లాష్ కొడితే లేస్తడు గద మేడం. లేస్తే ఛాయ్ అడుగుతడు.”

మళ్లీ నవ్వులు. పరశురాములు మాత్రం గోడనే చూస్తున్నాడు. తన నోటిని కాదు. ఆ పొట్టును. పొట్టు మీది ఎండను. ఐదు నెలలుగా అతను వెతుకుతున్న వెలుగు అదే. అది తన ఇంటి గడప మీదికి రోజూ వస్తోంది, తాను గురకపెడుతున్న వేళకు. ఆ ఫోటో తనదైతే ఎంత బాగుండేదోనని గుండె పీకింది. తనది కాదు గనుక చించేయాలనిపించింది. రెండూ ఒక్కసారే అనిపించాయి.

“నేర్చుకునేటోళ్లు ఎవరైనా పంపొచ్చని ప్రదర్శన కాయితంల రాసి ఉంది. మన తరఫున పోయే ఫోటో ఇదే,” అని మేడం బల్ల మీదినుంచి ఒక కాయితం తీసింది. “ఒక్కటే ఉన్నది. ఫోటోల కనబడే మనుషులు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలె. అక్క ఫోన్లనే ఒప్పుకున్నది. మీది కావాలె సార్. నాలుగింటి వరకు ఇచ్చెయ్యాలె.”

“పెట్టకుంటే?” ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని పరశురాములుకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మేడం కాయితాన్ని అతని ముందు బల్ల మీద పెట్టి, పెన్ను చేతికిచ్చింది. “పెట్టకుంటే రెండో ఫోటో పోతది. పత్తిచేన్ల నిలబడ్డ తాత ఫోటో. మీదే సార్.”

గదిలో నవ్వుతున్నవాళ్లంతా అతని వైపు తిరిగారు.

పెన్ను అతని చేతిలో ఉంది. ఒక్క సంతకం పెడితే తలుపంత ఫోటో, దాని కింద ‘జమున, బోథ్’ అని పేరు, జీపు దిగిన ఊరంతా తన నోట్లోకి తొంగిచూడటం. పెట్టకపోతే పత్తిచేను, అంతయ్య తాత, కింద తన పేరు. ఎవరూ ఏమీ అనరు. సిగ్గుపడ్డాడులే అనుకుంటారు. జమున కూడా అనదు. మూడు పదుల ఏళ్లలో ఆమె ఎన్నిసార్లు ఏమీ అనలేదో అతను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఆమె లేచి వచ్చి బల్లకు ఇటుపక్క నిలబడింది. కాయితం వంక చూడలేదు. అతన్నే చూసింది.

“నాకొక్కటి జెప్పు,” అన్నాడు పరశురాములు, ఆమెకు మాత్రమే వినబడేలా. “గట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే. నా నోరు చూసి నవ్వినవా?”

“నీ నోరు నాకు కొత్తనా?” అంది జమున. “చూసి నవ్వలే. విని నవ్విన.”

“ఏం విన్నవ్?”

“బటన్ ఒత్తి, ఉరికొచ్చి కూసున్న. పది సెకండ్లు గద. గా పది సెకండ్లల్ల నువ్వు నిద్రల మాట్లాడినవ్. ఒక పేరు పిలిచినవ్. ఒక్కసారి గాదు, మూడుసార్లు.”

పరశురాములు మెడ మీద చెమట పట్టింది. పుష్యమాసంలో.

“ఎవ్వరి పేరు?”

జమున కాయితాన్ని వేలితో ఇంకాస్త అతని వైపు జరిపింది. “సంతకం పెట్టు. చెప్త.”

అతను సాయం కోసం దోస్తు వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ విషయంలోనూ నోరు మూసుకోని జబ్బార్, కుర్చీలో వెనక్కి వాలి, తిరగని సీలింగు ఫ్యానును మోటరు కాలిందేమో అన్నంత శ్రద్ధగా చూస్తున్నాడు.